కర్ణం అంటే చెవి కూడా

పోయిన నెల ఒక రాత్రి వెల్లకిలా పడుకుని ఫోనులో ఏదో చదువుతున్నాను. వెనక్కి వెళ్లాలంటే తెర ఎడమవైపు పై మూలన ఉన్న బాణం గుర్తు నొక్కాలి. కుడిచేతి బొటనవేలు అక్కడికి అందదు. అందనప్పుడు ఏం చేయాలో అందరికీ తెలిసిందే. చిటికెనవేలిని అడుగున ఆసరాగా పెట్టి, మిగిలిన వేళ్లు కాస్త సడలించి, ఫోనును అరచేతిలోనే కిందికి జార్చి, పని కాగానే మళ్లీ పైకి నెట్టుకోవాలి. ఎవరూ నేర్పకుండానే వచ్చిన విద్య. రోజుకు ఎన్నిసార్లు చేస్తానో లెక్కలేదు. ఆ రాత్రి మాత్రం చిటికెనవేలు మొరాయించింది. 230 గ్రాముల గాజూ లోహమూ నేరుగా ముక్కు మీద పడి, మంచం పట్టెకు తగిలి, నేల మీద బోర్లా వాలాయి.

నొప్పి తగ్గాక కోపం వచ్చింది. అసలు ఇంత పెద్ద ఫోను ఎందుకు కొన్నాను? ఎవరు కొనమన్నారు? నిద్ర ఎలాగూ పాడయింది కనుక లేచి, బల్ల సొరుగులో పడి ఉన్న పాత ఫోన్లన్నీ బయటికి తీశాను. పిల్లల జామెట్రీ పెట్టెలోంచి స్కేలు తెచ్చి కొలవడం మొదలుపెట్టాను. అర్ధరాత్రి ఇలాంటి పని చేసేవాణ్ని చూసి ఇంట్లోవాళ్లు ఏమనుకున్నారో అడగలేదు.

మొదటిది 3.5 అంగుళాల తెర. వెడల్పు 49 మిల్లీమీటర్లు. తర్వాత కొన్నది 5.5 అంగుళాలది. వెడల్పు 68, ఇంకో అర ఉందేమో. ఇప్పుడు వాడుతున్నది, ముక్కు మీద పడినది, 6.7 అంగుళాలది. వెడల్పు 70. ఈ చివరి అంకె చూసి ఆగిపోయాను. స్కేలు సరిగ్గా పెట్టలేదేమోనని మళ్లీ కొలిచాను. తేడా లేదు. 5.5 నుంచి 6.7కు వచ్చినప్పుడు నాకు అమ్మిన పెరుగుదల 1.2 అంగుళాలు, అంటే మూడు సెంటీమీటర్లు. తెర వెడల్పులో వచ్చినది ఒకటిన్నర మిల్లీమీటర్లు. మిగిలిందంతా పొడవులోకే పోయింది. పాతదాని తెర ఎత్తు 122 మిల్లీమీటర్లు, కొత్తదాని ఎత్తు 155.

అప్పటిదాకా నాకు ‘ఫోన్లు పెద్దవైపోయాయి’ అన్న ఫిర్యాదు ఒక్కటే ఉండేది. ఆ రాత్రి నుంచి ఫిర్యాదు మారింది. మనం వీటిని తప్పు కొలతతో కొలుస్తున్నాం. ఆ తప్పు కొలతే ఈ పదిహేనేళ్ల కథను మనకు తప్పుగా చెప్పింది.

కర్ణం చేసే కనికట్టు

తెరను ఒక మూల నుంచి ఎదుటి మూలకు కొలుస్తారు. బడిలో దాన్ని కర్ణం అన్నారు. ఈ అలవాటు టీవీల నుంచి వచ్చింది. తొలినాటి పిక్చర్ ట్యూబులు గుండ్రంగా ఉండేవి, వాటి వ్యాసమే వాటి కొలత. తర్వాత తెరలు దీర్ఘచతురస్రాలయ్యాయి, ఒక్క అంకెతో కొలిచే అలవాటు మాత్రం మిగిలిపోయింది. గదిలో ఒక మూలన కదలకుండా కూర్చునే వస్తువుకు అది చాలు. టీవీని ఎవరూ అరచేత్తో పట్టుకోరు కదా.

కర్ణం ఒక్కటే చెబితే ఆకారం తెలియదు. సన్నగా పొడుగ్గా సాగదీసిన కొద్దీ కర్ణం పెరుగుతుంది, వైశాల్యం పెరగకపోవచ్చు. దీనికి చక్కని ఉదాహరణ 2017 సెప్టెంబరులో ఒకే వేదిక మీద దొరికింది. ఆపిల్ ఆ రోజు ఐఫోన్ 8 ప్లస్‌నూ ఐఫోన్ ఎక్స్‌నూ ప్రకటించింది. మొదటిది 5.5 అంగుళాలు, రెండోది 5.8. పెద్దది ఏదంటే ఎవరైనా రెండోదే అంటారు. లెక్క వేసి చూడండి. 16:9 నిష్పత్తిలో ఉన్న 5.5 అంగుళాల తెర వైశాల్యం దాదాపు 12.9 చదరపు అంగుళాలు. 19.5:9 నిష్పత్తిలో ఉన్న 5.8 అంగుళాల తెరది 12.8. అందులోనూ గుండ్రటి మూలలకు, పైన కెమెరా గాటుకు పోయేది వేరే. పెద్ద అంకె ఉన్న తెరే చిన్నది!

ఇది మోసం అనను. అంకెలు నిజమే. కానీ ఆ అంకె మన చేతికి గానీ కంటికి గానీ పనికొచ్చే సంగతి ఏదీ చెప్పదు. చేతికి కావలసినవి వెడల్పూ బరువూ. కంటికి కావలసినది వైశాల్యం, అక్షరం సైజు. బొటనవేలికి కావలసినది కింది మూల నుంచి ఎదుటి పై మూలకు ఉన్న దూరం. ఇదొక్కటీ కర్ణమే, ఒప్పుకుంటాను. అయితే బొటనవేలికి అది ఎంత పెరిగితే అంత చేటు. అమ్మేవాళ్లు దాన్నే గొప్పగా చూపించి అమ్ముతున్నారు.

నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను

2010లో డెల్ స్ట్రీక్ వచ్చినప్పుడు దాని 5 అంగుళాల తెర చూసి, ఇది ఫోనా టాబ్లెట్టా అని అందరూ తలలు పట్టుకున్నారు. మరుసటి ఏడాదికే అమ్మకాలు ఆపేశారు. అదే 2011లో, సెప్టెంబరులో బెర్లిన్ ప్రదర్శనలో శాంసంగ్ గెలాక్సీ నోట్‌ను చూపించింది. తెర 5.3 అంగుళాలు, దానికి తోడు ఒక పెన్ను. చెవికి పలక ఆనించుకుని మాట్లాడుతున్నట్టు ఉంటుందని నేనూ నా స్నేహితులూ పడీ పడీ నవ్వాం. మా నవ్వుకు పెద్దల మద్దతు కూడా ఉండేది. అంతకు ఏడాది ముందే, 2010 జులైలో, స్టీవ్ జాబ్స్ పెద్ద ఫోన్ల గురించి తేల్చేశారు: వాటి చుట్టూ చెయ్యి పట్టదు, అలాంటివి ఎవరూ కొనరు అని. పెన్ను సంగతి 2007లోనే, మొదటి ఐఫోన్ చూపిస్తూ వేళాకోళం చేశారు.

కొన్నారు. 2012 ఆగస్టు నాటికి కోటి నోట్‌లు అమ్ముడుపోయాయని శాంసంగ్ ప్రకటించింది. ఆ ఏడాదే ఆపిల్ 4 అంగుళాల ఐఫోన్ 5 తెచ్చి, తెర పెరిగినా బొటనవేలు మొత్తం అందుతుందని, అదే ఇంగితజ్ఞానమని ప్రత్యేకంగా ఒక ప్రకటన చేసింది. రెండేళ్లు గడిచాయి. 2014 సెప్టెంబరులో 4.7, 5.5 అంగుళాల ఐఫోన్లు వచ్చాయి. మొదటి మూడు రోజుల్లోనే కోటికి పైగా అమ్ముడుపోయాయి. బొటనవేలి ఇంగితం ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఈ కథను మామూలుగా ‘జనం పెద్ద తెర కోరుకున్నారు, జాబ్స్ పొరబడ్డారు’ అని ముగిస్తారు. నేనూ చాలాకాలం అలాగే నమ్మాను. స్కేలు పట్టుకున్న రాత్రి తర్వాత ఆ నమ్మకం సడలింది.

ఆ నవ్వులపాలైన నోట్ ఒళ్లు ఎంత వెడల్పో తెలుసా? 83 మిల్లీమీటర్లు. 2024లో వచ్చిన గెలాక్సీ ఎస్24 అల్ట్రా తెర 6.8 అంగుళాలు, ఒంటి వెడల్పు 79. అదే ఏటి ఐఫోన్ 16 ప్రో మ్యాక్స్ తెర 6.9 అంగుళాలు, వెడల్పు 77.6. 2014 నాటి 5.5 అంగుళాల ఐఫోన్ 6 ప్లస్ వెడల్పు 77.8. తెర చుట్టూ ఉన్న ఖాళీ అంచులను చెరిపేసి, కింది బటన్‌ను తీసేసి, ఆ జాగా అంతా తెరకే ఇచ్చారు. అది చాలక పైకి సాగదీశారు. వెడల్పు మాత్రం ఎనభై దగ్గర ఆగిపోయింది, ఇంకా మాట్లాడితే కొంచెం వెనక్కి తగ్గింది. ‘చుట్టూ చెయ్యి పట్టదు’ అన్న జాబ్స్ మాటలో సగం నిజమేనన్నమాట. మనిషి చెయ్యి ఒక గీత గీసింది, ఇంతమంది ఇంజనీర్లూ ఇన్నేళ్లూ ఆ గీత దాటలేదు. ఎవరూ కొనరన్న మిగతా సగమే తప్పింది.

తెర వెంట వచ్చినవి, తెరను వెంట తెచ్చినవి

పైకి ఎందుకు సాగదీశారు? సినిమాలు చూడటానికి, చదవడానికి, ఆటలకు అంటారు. అవీ కారణాలే. కానీ ఫోను విప్పి చూసినవాళ్లు ఇంకో కారణం చెబుతారు: బ్యాటరీ.

ఫోను లోపల బ్యాటరీ తెర వెనకాల పరుచుకుని ఉంటుంది. కెమెరా, స్పీకరు, చిప్పులున్న బోర్డు, ఇవన్నీ చిన్న ఫోనులోనైనా పెద్ద ఫోనులోనైనా ఇంచుమించు అంతే జాగా తీసుకుంటాయి. కాబట్టి మందం పెంచకుండా ముఖం పెంచితే, అలా కొత్తగా వచ్చిన జాగాలో ఎక్కువ భాగం బ్యాటరీకే దక్కుతుంది. తెర పెద్దదైతే దానికి ఖర్చయ్యే కరెంటూ పెరుగుతుంది నిజమే, కానీ సిగ్నలు అందుకునే భాగానికీ ప్రాసెసరుకూ అయ్యే ఖర్చు ఆ లెక్కన పెరగదు. మొత్తం మీద పెద్ద ఫోను ఎక్కువసేపు బతుకుతుంది. 2011లో ఐఫోన్ 4ఎస్ బ్యాటరీ 1,432 ఎంఏహెచ్. నోట్‌ది 2,500. అప్పుడప్పుడే 4జీ వస్తున్న రోజులు. తొలి 4జీ చిప్పులు కరెంటును నీళ్లలా తాగేవి. మధ్యాహ్నానికే ఫోను చచ్చిపోతుంటే విసిగిపోయిన మనిషికి నోట్ వరంలా కనిపించి ఉంటుంది. అతను కొన్నది తెరనా, సాయంత్రం దాకా నడిచే బ్యాటరీనా?

కెమెరా కథా ఇంతే. 2023లో ఐఫోన్ 15 ప్రోకు మూడు రెట్ల జూమ్ ఇచ్చి, 15 ప్రో మ్యాక్స్‌కు అయిదు రెట్లు ఇచ్చారు. దూరంగా వేదిక మీదున్న పిల్లను ఫొటో తీయాలనుకునే తండ్రి ఏది కొంటాడు? కొన్నాక అమ్మకాల పట్టికలో అతను ‘పెద్ద తెర కోరుకున్న వినియోగదారుడు’గా నమోదవుతాడు. మరుసటి ఏడాది అదే అయిదు రెట్ల జూమ్ చిన్న ప్రోలోకీ వచ్చింది. అయితే ఆ ‘చిన్న’ ప్రో కూడా ఈ మధ్యలో 6.1 నుంచి 6.3 అంగుళాలైంది.

మంచి బ్యాటరీ కావాలన్నాం, మంచి కెమెరా కావాలన్నాం, పెద్ద తెర వాటితోపాటు వచ్చింది. మంచి గది కావాలంటే అయిదో అంతస్తులోనే ఉందన్నారు, లిఫ్టు లేకపోయినా ఎక్కాం. మెట్లెక్కడం మాకు ఇష్టమని ఎవరైనా రాసుకుంటే అది వాళ్ల లెక్క.

ఇక్కడ అమ్మ అడ్డుతగిలింది

ఇదంతా ఆవేశంగా అమ్మకు ఫోనులో వివరించాను. ఆవిడ నా పాత 5.5 అంగుళాల ఫోను కొన్నాళ్లు వాడి, ఇప్పుడు నా దాని కంటే పెద్దది వాడుతోంది. చత్వారం వచ్చి పాతికేళ్లయింది. అక్షరాలను ఎంత పెంచిందంటే వరుసకు మూడు మాటలు పడతాయి. చిన్న ఫోనులో ఒకటిన్నర మాట పడేది. సగం మాట కింది వరుసలోకి పోయి, చదివేది కవిత్వంలా కనిపించేదట.

ఆ పెద్ద ఫోను మొదటిసారి చేతిలో పెట్టినప్పుడు, “అక్షరాలు పెద్దవి కావాలన్నాను గానీ ఫోను పెద్దది కావాలన్నానా?” అంది. ఆ మాట నా వాదానికి పనికొస్తుందని ఇన్నాళ్లూ దాచుకున్నాను. కానీ గుర్తు చేస్తే, “అదేదో మాట వరసకు అన్నాను. ఇప్పుడు ఇది వదిలేయమంటే ఒప్పుకుంటానా?” అని నవ్వేసింది.

అమ్మ ఫోను వాడే తీరు వేరు. ఎడమచేత్తో పుస్తకంలా పట్టుకుంటుంది, లేదా బల్ల మీద పెట్టుకుంటుంది. కుడిచేతి చూపుడువేలితో కాలింగ్ బెల్ నొక్కినట్టు నొక్కుతుంది. బొటనవేలు అందుతుందా అందదా అన్న ప్రశ్న ఆవిడ జీవితంలోనే లేదు. మన లిపి సంగతి కూడా ఉంది. పైన గుడి, కింద ఒత్తు, దాని కింద ఇంకో ఒత్తు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం చిన్న తెర మీద చీమ చచ్చిపడినట్టు ఉండేది. మూడున్నర అంగుళాల ఫోను మీద తెలుగు చదివినవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. ఆ తెర వైశాల్యం అయిదున్నర చదరపు అంగుళాల పైచిలుకు. ఇప్పుడు నా చేతిలో ఉన్నది దాదాపు 17. మూడు రెట్లు. ఈ బ్లాగు చదివేవాళ్లలో ఎక్కువమంది దీన్ని ఫోనులోనే చదువుతున్నారన్న సంగతి మరచిపోయి చిన్న తెరల వైభవం పాడటం సిగ్గుచేటు కూడా.

అంటే నా గోల ఎవరి గోల? తొందరలో ఉన్నవాడి గోల. ఒక చేత్తో సంచి, మరో చేత్తో ఫోను పట్టుకుని నడిచేవాడి గోల. అమ్మలా కూర్చుని, రెండు చేతులూ ఫోనుకే ఇచ్చి చదివే మనిషికి పెద్ద తెరలో నష్టమేమీ లేదు. బహుశా అలా వాడటమే మంచిదేమో కూడా. దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు.

ఒక మెత్తని జవాబు మాత్రం ఉంది. 2013లో స్టీవెన్ హూబర్ అనే డిజైనరు వీధుల్లో, విమానాశ్రయాల్లో, బస్టాపుల్లో జనం ఫోను ఎలా పట్టుకుంటున్నారో గమనించి 1,333 పరిశీలనలు నమోదు చేశారు. తెరను తాకుతూ వాడుతున్నవాళ్లలో 49 శాతం మంది ఒకే చేత్తో వాడుతున్నారు. 36 శాతం మంది రెండు చేతులూ ఆనించి, ఒక చేతి బొటనవేలితోనో మరో వేలితోనో తాకుతున్నారు, అంటే ఇంచుమించు అమ్మ పద్ధతి. మిగిలిన 15 శాతం మంది రెండు బొటనవేళ్లతో. అయితే ఒకే మనిషి ఒక పద్ధతికి కట్టుబడి ఉండడు, పనిని బట్టి పట్టు మారుస్తూ ఉంటాడు. నాకు నచ్చిన సంగతి అది. రెండు చేతులూ ఖాళీగా ఉన్నప్పుడు అందరూ అమ్మలాంటివాళ్లే. లేనప్పుడు అందరూ నాలాంటివాళ్లే.

మా చెల్లెలు రోజూ బస్సులో నిలబడి వెళ్తుంది. ఒక చెయ్యి పైన కడ్డీకి. రెండో చేతిలో ఫోను. తన చెయ్యి నా చేతి కంటే బాగా చిన్నది. ఫోనులో జవాబు రాయాలంటే కడ్డీ వదలాలి, లేదా గడ్డంతో ఫోనును ఛాతీకి ఒత్తి పట్టుకుని ఒక వేలితో కొట్టాలి. రెండోది నిజంగా చేస్తుంది, నేను చూశాను. 2013లో ఇస్తాంబుల్ గెజీ పార్కు నిరసనల్లో బాష్పవాయువు ప్రయోగాన్ని ఫొటో తీయబోయి, పెద్ద ఫోనును ఒంటి చేత్తో నడపలేక ఇబ్బంది పడ్డానని సామాజికవేత్త జేనెప్ తుఫెక్చీ రాశారు. ఈ పరికరాలు మగవాళ్ల చేతుల కొలతకు తయారవుతున్నాయన్నది ఆమె ఫిర్యాదు. ఇక జేబులు. 2018లో ‘ది పుడ్డింగ్’ అనే వెబ్ పత్రిక జీన్స్ ప్యాంట్ల జేబులు కొలిచి చూస్తే, ఆడవాళ్ల ముందు జేబుల లోతు మగవాళ్ల వాటి కంటే సగటున 48 శాతం తక్కువని తేలింది. ఫోను పొడుగ్గా సాగింది, జేబు సాగలేదు.

బొటనవేలికి పడ్డ బాకీ

ఫోను పట్టుకుని తెర ఆర్పేసి, దీపానికి ఏటవాలుగా పెట్టి చూడండి. వేలి జిడ్డు మరకలు కనిపిస్తాయి. నా ఫోనులో అవి కింది కుడి మూల నుంచి పైకి విసనకర్రలా విచ్చుకుని, తెర మధ్యకు వచ్చేసరికి పలచబడతాయి. పై ఎడమ మూల అద్దంలా శుభ్రంగా ఉంది. ఆ జాగాకు నేను డబ్బు కట్టాను. చూడటానికి తప్ప వాడను.

సాఫ్ట్‌వేరు రాసేవాళ్లకు ఈ సంగతి మొదటి నుంచీ తెలుసు. 2014లో తెర పెంచిన రోజునే ఆపిల్ ఒక వెసులుబాటు ఇచ్చింది. కింది బటన్‌ను నొక్కకుండా రెండుసార్లు తాకితే తెర మీది బొమ్మ మొత్తం కిందికి జారి, వేలికి అందేంత దూరానికి వస్తుంది. పై సగం ఖాళీ. పెద్ద తెర ఇచ్చి, దాన్ని వాడాలంటే సగం తెరగా మార్చుకోమన్నారు! 2018లో శాంసంగ్ వన్ యూఐ అని తమ ఫోన్ల రూపురేఖలన్నీ మార్చినప్పుడు చేసినదీ ఇదే. పై భాగం చూడటానికి, కింది భాగం తాకడానికి అని విడదీశారు. సెట్టింగులు తెరిస్తే పైన పెద్ద శీర్షిక, దాని చుట్టూ మైదానమంత ఖాళీ, మీటలన్నీ కింద. అది తెలివైన పనే, నాకు నచ్చింది కూడా. 2021లో ఆపిల్ తన సఫారీ బ్రౌజరులో అడ్రసు పట్టీని పై నుంచి కిందికి దించితే వాడేవాళ్లు గగ్గోలు పెట్టారు. మళ్లీ పైకి మార్చుకునే వీలు ఇవ్వాల్సి వచ్చింది. బొటనవేలికి సుఖమైనది కంటికి అలవాటు లేదు మరి.

అయినా సగానికి సగం యాప్‌లలో వెనక్కి వెళ్లే బాణం ఇంకా పై ఎడమ మూలనే కూర్చుని ఉంది. అది 3.5 అంగుళాల నాటి ఆచారం. అప్పుడు అక్కడికి ఎవరి వేలైనా అందేది. కారణం పోయింది, ఆచారం మిగిలింది.

మిగిలిన బాకీ మనమే తీర్చుకుంటున్నాం. ఫోను వెనక అతికించుకునే ఆ బొడిపెలు, ఉంగరాలు చూశారా? వాటిలో బాగా పేరు మోసినదాన్ని కనిపెట్టినది అప్పట్లో కొలరాడోలో తత్వశాస్త్రం బోధించే డేవిడ్ బార్నెట్ అనే ఆచార్యుడు. ఆయన మొదట పెట్టుకున్నవి ఇయర్‌ఫోన్ల తీగ చిక్కు పడకుండా చుట్టుకోవడానికట. తీగలు పోయాయి. బొడిపెలు ఫోను జారకుండా పట్టుకోవడానికి మిగిలాయి.

చిన్న ఫోను అంత్యక్రియలు

‘అంత బాధ ఉంటే చిన్న ఫోను కొనుక్కోవచ్చు కదా’ అన్నది నా మీద పడే అతి పెద్ద రాయి. 2020లో ఐఫోన్ 12 మినీ వచ్చింది. తెర 5.4 అంగుళాలు, వెడల్పు 64 మిల్లీమీటర్లు, బరువు దాదాపు 135 గ్రాములు. అంటే 2007 నాటి మొదటి ఐఫోన్ బరువే. 2021లో 13 మినీ వచ్చింది. 2022లో దాని స్థానంలో 6.7 అంగుళాల ప్లస్ వచ్చింది. చిన్నవి కావాలని గొంతు చించుకున్నవాళ్లు కొనే సమయానికి కనిపించలేదు.

ఈ ఓటమిని నేను కాదనలేను. కానీ ఓడినది ఏమిటో చూడాలి. 12 మినీ బ్యాటరీ 2,227 ఎంఏహెచ్. దానితో పాటు వచ్చిన మామూలు 12ది 2,815. పైన చెప్పిన లెక్కే: ముఖం చిన్నదైతే మొదట నష్టపోయేది బ్యాటరీ. చేతికి హాయిగా ఉన్నా సాయంత్రానికి చార్జరు వెతుక్కోవాలంటే జనం దేన్ని వదులుకుంటారు? రోజంతా నడిచే చిన్న ఫోనును మందంగా, రెండు మిల్లీమీటర్లు లావుగా చేసి అమ్మి చూస్తే అప్పుడు తెలిసేది జనం దేనికి ఓటు వేస్తారో. అలాంటిది పెద్ద కంపెనీలు చేసి చూడటం అరుదు. సన్నగా ఉండాలన్న పిచ్చి వాళ్లదో మనదో చెప్పడం కష్టం.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. అలాంటిది వచ్చినా నేను కొంటానా? పడుకుని చదివే నా అలవాటుకు, ఈ మధ్యే మొదలైన నా చత్వారానికి, 5.4 అంగుళాలు సరిపోతాయా? సొరుగులోంచి తీసిన 3.5 అంగుళాల ఫోనును ఆ రాత్రి కాసేపు చేతిలో పట్టుకున్నాను. పట్టు ఎంత బాగుందో చెప్పలేను. బొటనవేలు నాలుగు మూలలా రాజులా తిరిగింది. చార్జింగ్ పెట్టి వెలిగించాక కళ్లద్దాల కోసం లేవాల్సి వచ్చింది.

మడత పెట్టే ఫోన్లు ఈ తగవు తీరుస్తాయని ఆశపడ్డాను. 2019లో వచ్చిన మొదటి గెలాక్సీ ఫోల్డ్ విప్పితే 7.3 అంగుళాలు, మూస్తే 63 మిల్లీమీటర్ల వెడల్పు. చెయ్యి గీసిన గీతను దాటడానికి దొరికిన ఒకే దారి అది. ఆ ఏప్రిల్‌లోనే సమీక్షకుల చేతుల్లో తెరలు పాడై విడుదల సెప్టెంబరు దాకా వాయిదా పడింది. ఆ తర్వాత మడతలు చాలా మెరుగయ్యాయి. కానీ ఆలోచించండి. అరచేతి వెడల్పు మారదు కనుక తెరనే వంచాల్సి వచ్చింది. ఇంత కష్టపడి వాళ్లు ఒప్పుకుంటున్నది చేతి కొలతనే. అటువంటప్పుడు పెట్టె మీద కర్ణం పక్కనే వెడల్పూ బరువూ అంతే పెద్ద అంకెల్లో వేయడానికి ఏం అడ్డమో తెలియదు. ఇప్పుడు అవి వివరాల పట్టికలో అట్టడుగున, ఎవరూ చూడని చోట ఉంటాయి. నాకు తెలిసి ఉంటే 230 గ్రాముల దగ్గర ఆగి, మరోసారి ఆలోచించేవాణ్నేమో.

సంస్కృతంలో కర్ణం అంటే చెవి. మనకు కర్ణభేరి, కర్ణకఠోరం అన్న మాటలు అక్కడి నుంచే వచ్చాయి. మాట్లాడటానికి, వినడానికి పుట్టిన వస్తువును మూల నుంచి మూలకు కొలిచే కర్ణంతో అమ్ముకునే రోజు వస్తుందని ఎవరనుకున్నారు? ఇప్పుడు చెవికి ఆనించేవాళ్లూ తగ్గిపోయారు. స్పీకరు పెట్టి, ఫోనును నోటి ముందు అప్పడంలా అడ్డంగా పట్టుకుని మాట్లాడుతున్నారు. నోట్‌ను చూసి నవ్విన పలక పరిహాసానికి అలా కాలం చెల్లింది.

నేల మీద పడిన ఫోనును ఎత్తి చూస్తే తెర మీద ఒక చీలిక. పై ఎడమ మూల నుంచి మొదలై అంగుళం దాకా పాకి ఆగింది, సరిగ్గా ఆ బాణం గుర్తు మీదుగా. మరమ్మతుకు ఇవ్వమని ఇంట్లో రోజూ పోరు పెడుతున్నారు. వేలికి గుచ్చుకుంటుందట. నెల దాటింది, ఇంతవరకూ గుచ్చుకోలేదు.